అమ్మని కదపకండి, వంతుకి మీరు రండి

"మూడు నెలలు పెద్దవాడి దగ్గర, మూడు నెలలు చిన్నవాడి దగ్గర." తండ్రి పోయిన పదకొండో రోజో పన్నెండో రోజో, చుట్టాలు ఇంకా ఇంట్లో ఉండగానే ఈ మాట తేలిపోతుంది. మనసున్న పిల్లలే ఇలా అనుకుంటారు. భారం ఒక్కరి మీదే పడకూడదని, అమ్మ అందరి దగ్గరా ఉండాలని. ఆరోగ్యంగా తిరిగే తల్లికి ఈ ఏర్పాటు సరిపోతుంది కూడా. మనవల్ని చూసినట్టూ ఉంటుంది, ఊరు మారినట్టూ ఉంటుంది. చిక్కేమిటంటే, అదే తల్లికి డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే మెదడు జబ్బు) వచ్చాక కూడా పాత వంతులే నడుస్తుంటాయి. అప్పుడు అమ్మా నలిగిపోతుంది, ఆమెని చూసుకునేవాళ్లూ నలిగిపోతారు. డిమెన్షియా ఉన్న మనిషిని ఒక్క ఇంట్లో నిలకడగా ఉంచి, తోబుట్టువులే ఆ ఇంటికి వంతుగా రావాలని నా అభిప్రాయం. చేయడంలో చాలా ఇబ్బందులున్నాయి. వాటిని దాటవేసి ఈ మాట చెప్పడం న్యాయం కాదు.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉందని, అంటే దాదాపు 88 లక్షల మందని, పెద్దవాళ్లలో డిమెన్షియా మీద దేశమంతటా చేసిన లాసీ-డాడ్ అధ్యయనం ఆధారంగా 2023లో లెక్క తేలింది. పల్లెల్లోనూ ఆడవాళ్లలోనూ ఎక్కువ. అంటే వంతుల మీద ఇళ్లు మారుతున్న ఆ ముసలి తల్లుల్లో చాలామందికి ఈ జబ్బు ఉండి ఉంటుంది, "చాదస్తం" అన్న పేరుతో.

ఇల్లు మారితే పోయేవి

డిమెన్షియాలో కొత్తగా నేర్చుకునే శక్తి ముందు పోతుంది. కాళ్లకీ చేతులకీ అలవాటైనవి చాలాకాలం మిగులుతాయి. ఇరవై ఏళ్లున్న ఇంట్లో రాత్రి 2 గంటలకి లేచిన పెద్దావిడ దీపం లేకపోయినా మంచం దిగి, ఎడమకి తిరిగి, నాలుగడుగులేసి బాత్‌రూమ్ తలుపు పట్టుకుంటుంది. దారి చెప్పమంటే చెప్పలేదు, కాళ్లకి తెలుసు. కొడుకు అపార్ట్‌మెంట్‌లోనూ కాళ్లు ఎడమకే తిరుగుతాయి. అక్కడ దేవుడి గది ఉంటుంది. తెల్లారి కోడలికి కనపడేది దేవుడి గదిలో మూత్రం. "కావాలనే చేస్తోంది" అన్న అనుమానం ఆ పొద్దున పుట్టి మరి పోదు. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న దీపం, తలుపు తెరిచి ఉంచడం, పడుకున్న చోటు నుంచి కమోడ్ కనపడేలా మంచం తిప్పడం, పడుకోబోయే ముందు ఒకసారి, మధ్యరాత్రి ఒకసారి తీసుకెళ్లడం, వీటితో కొన్ని వారాలకి కొంత సర్దుకుంటుంది. సర్దుకునేసరికి వంతు అయిపోతుంది.

రెండోది, ఆ మనిషి గురించిన తెలివిడి. రోజూ చూసుకునే మనిషికి తెలిసినవి ఏ ఫైల్లోనూ ఉండవు. "స్నానం చేద్దాం" అంటే తిట్టిపోస్తుంది, "తలకి నూనె రాస్తాను రండి" అంటే వస్తుంది. నీళ్లు ముందు తల మీద పోస్తే భయపడి కొడుతుంది, పాదాల నుంచి మొదలుపెట్టి భుజాల మీద తుండు కప్పి ఉంచితే ఊరుకుంటుంది. పల్చటి చారు తాగితే పొలమారుతుంది, అదే చారు అన్నంలో మెత్తగా కలిపితే దిగుతుంది. ఈ చివరిది చిన్న విషయం కాదు. మాటిమాటికీ పొలమారితే తిన్నదీ తాగినదీ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. అందుకే తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఒక కోడలు నెలల తరబడి తంటాలుపడి నేర్చుకున్నదంతా, బ్యాగు సర్దే హడావిడిలో "మాత్రలు ఈ డబ్బాలో ఉన్నాయి వదినా" అన్న ఒక్క వాక్యానికి కుదించుకుపోతుంది.

ఇది ప్రాణం మీదికి తెచ్చే సందర్భం ఒకటుంది. డిమెన్షియా నెలల మీద, ఏళ్ల మీద ముదురుతుంది. ఒకటి రెండు రోజుల్లో మనిషి మారిపోతే, అంటే నిన్న పేరు చెప్పిన ఆవిడ ఇవాళ మగతగా పడి ఉన్నా, లేని మనుషులతో మాట్లాడుతున్నా, అది జబ్బు ముదరడం అనుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, కొత్తగా వేసిన జలుబు మాత్ర, ఇలాంటి కారణం ఏదో ఉంటుంది. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. "నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంది" అని చెప్పగలిగేది నిన్న చూసిన మనిషే. ఐదు రోజుల కిందట వంతుకి తెచ్చుకున్నవాళ్లు "అన్నయ్య వాళ్ల దగ్గర కూడా ఇలాగే ఉండేదేమో" అనుకుంటారు.

మందుల సంగతీ అంతే. విజయవాడ డాక్టరు ఒక కంపెనీ పేరుతో రాసిన డొనెపెజిల్‌నే (డిమెన్షియాలో జ్ఞాపకశక్తికి ఇచ్చే మందు) హైదరాబాద్ డాక్టరు మరో పేరుతో రాస్తాడు, ఇంట్లో రెండూ వేస్తారు. ఆకలి పోతుంది, నాడి మందగిస్తుంది, కళ్లు తిరిగి పడిపోతుంది. స్ట్రిప్ మీద కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరుని కాగితం మీద రాసి పెట్టుకోవడం రెండు నిమిషాల పని.

ఇంకోటి ఉంది, దీన్నెవరూ పైకి అనరు. మూడు నెలల కోసం ఎవరూ గోడకి రంధ్రం పెట్టరు. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి స్టీలు రాడ్డు, వీధి తలుపుకి చేతికందని ఎత్తులో గడియ, ప్లాస్టిక్ స్టూలు బదులు వెనక ఆనుడున్న స్నానపు కుర్చీ, రాత్రిళ్లు గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసే అలవాటు, ఇవన్నీ ఇంట్లోవాళ్లు "అమ్మ ఇక్కడే ఉంటుంది" అని ఒప్పుకున్నాక చేసే పనులు. వంతు ఇంట్లో అందరూ రోజులు లెక్కపెడుతుంటారు. అమ్మ తుంటి ఎముక విరిగేది ఇలాంటి ఇంట్లోనే.

వంతు కొడుకుది, చాకిరీ కోడలిది

కుటుంబంలోనివారు, దగ్గరివారు రోజుకి సగటున 5 గంటలు డిమెన్షియా ఉన్నవాళ్ల పనికే వెచ్చిస్తున్నారని, ఆ గంటల్లో 70 శాతం ఆడవాళ్లవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఇళ్లలో వంతు కొడుకు పేరున రాస్తారు, ఒళ్లు మాత్రం కోడలిది. కొడుకు ఆఫీసు నుంచి వచ్చి "అమ్మ తిన్నదా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న వెనక ఒకటిన్నర గంట ఉంది. బుగ్గలో పెట్టుకుని మింగని ముద్ద ఉంది, "ఇందాక పెట్టలేదు, నన్ను మాడుస్తున్నారు" అని పక్క ఫ్లాటు వాళ్లతో చెప్పిన ఫిర్యాదు ఉంది.

ఫిర్యాదుల్లో అన్నిటికంటే కోసేది దొంగతనం. పెద్దావిడ గాజు తీసి బియ్యం డబ్బాలో దాస్తుంది. దాచిన సంగతి మెదడులో నిలవదు. గాజు లేదన్నది మాత్రం కంటికి కనపడుతుంది. ఆ ఖాళీని మెదడు దగ్గర్లో ఉన్న మనిషితో పూరిస్తుంది. ఎప్పుడూ దగ్గరుండేది ఎవరు? కోడలు. ఆడపడుచు పండక్కి వస్తుంది. కూతుర్ని చూడగానే అమ్మ నిటారుగా కూర్చుని, చక్కగా కుశలం అడిగి, గాజు సంగతి చెవిలో చెబుతుంది. కొత్తవాళ్ల ముందు ఒకటి రెండు గంటలు ఇలా కూడదీసుకోవడం ఈ జబ్బులో మామూలే. సాయంత్రానికి అలసిపోయి తిరగబడుతుంది, అప్పటికి కూతురు బస్సెక్కి ఉంటుంది. "అమ్మ బాగానే ఉందిగా, మీరే ఎక్కువ చేసి చెబుతున్నారు" అన్న మాట కోడలికి మిగులుతుంది. అలా అన్నవాళ్లు ఒక్క రాత్రి ఆ గదిలో పడుకుని చూడాలి. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

రాత్రి అనే మాట ఊరికే అనలేదు. చూసుకునే మనిషిని ముందు కూల్చేది నిద్ర. రాత్రికి మూడు నాలుగుసార్లు లేచే మనిషికి మొత్తం ఆరు గంటలు పడుకున్నా ఆరు గంటల నిద్ర కాదది. దాని వెంట నడుం నొప్పి వస్తుంది, మంచం మీద నుంచి చంకల కింద చేతులేసి ఎత్తడం వల్ల. (మనిషిని మంచం అంచుకి జరిపి, పాదాలు నేలకి ఆనించి, మీ మోకాళ్లు వంచి, "ఒకటి, రెండు, మూడు" అని ఆవిడనే ముందుకి వంగమంటే సగం బరువు ఆవిడే మోస్తుంది. ఇది ఎవరైనా ఫిజియోథెరపిస్టు ఒక్క గంటలో నేర్పుతారు.) తన బీపీ మాత్ర తను మర్చిపోవడం, నిలబడి తినడం, పెళ్లి పిలుపులకి వెళ్లడం మానేయడం వరసగా వస్తాయి. అమెరికాలోని ఒహాయోలో 1995లో ఒక చిన్న ప్రయోగం చేశారు. డిమెన్షియా ఉన్న బంధువుల్ని చూసుకుంటున్న 13 మంది ఆడవాళ్ల చేతి మీద, అదే వయసు మరో 13 మంది చేతి మీద, 3.5 మిల్లీమీటర్ల గాయం చేసి ఎప్పుడు మానుతుందో చూశారు. చూసుకునేవాళ్ల గాయం సగటున 9 రోజులు ఆలస్యంగా మానింది. ఇరవై ఆరు మందితో పెద్ద తీర్మానాలు చేయలేం. అయినా "మనసుకి కష్టమే గానీ ఒంటికేం?" అనేవాళ్లకి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

ఆ అలసట తిరిగి అమ్మ ఒంట్లోకే చేరుతుంది. నెలల తరబడి నిద్రలేని కుటుంబం డాక్టరు దగ్గరికి వెళ్లి అడిగేది ఒకటే: "రాత్రి గోల తగ్గడానికి ఏదైనా రాయండి." మతిభ్రమణకి వాడే మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాలు పెంచుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. పక్షవాతం ముప్పు కూడా ఉంది. కొందరికి అవి తప్పవు, తక్కువ మోతాదులో, తక్కువ కాలం. కానీ చాలా ఇళ్లలో ఆ మాత్ర పనిచేసేది నిద్రలేని కోడలికి విశ్రాంతి బదులుగా. వారానికి రెండు రాత్రులు ఇంకెవరైనా లేస్తే ఆ మాత్ర అవసరం పడేదా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న.

అరవడం, ఆ తర్వాత బాత్‌రూమ్‌లో కొళాయి తిప్పుకుని ఏడవడం గురించి ఎక్కువ రాయను. అది జరగని ఇల్లు లేదు. మొగుడు పోయిన సంగతి మరిచి "మీ మావయ్య ఇంకా రాలేదేం" అని రోజూ సాయంత్రం గుమ్మంలో నిలబడే మనిషికి, రోజూ చావు కబురు చెప్పాలో, "వస్తారు లెండి, కాఫీ తాగండి" అనాలో తేల్చుకోవాల్సి రావడమే ఒక గాయం. కాఫీ ఇవ్వడమే మంచిది. చెప్పిన ప్రతిసారీ ఆవిడ కొత్తగా విధవ అవుతుంది.

ఆ ఒక్క ఇంటివాళ్ల మాటేమిటి?

నా వాదనకి గట్టి అభ్యంతరం ఇదే. "అమ్మని కదపొద్దంటే, ఎవరింట్లో ఉందో వాళ్లే మునిగిపోవాలనా?" వంతులు పుట్టిందే ఈ అన్యాయాన్ని ఆపడానికి. అలా అడిగే కోడలి పక్షానే నేనున్నాను. మనిషి కదలకూడదంటే మిగతావాళ్లు కదలాలి, అదీ ముందే కాగితం మీద రాసుకుని. ఇల్లు ఇచ్చినవాళ్లది సగం బాధ్యత అక్కడితో తీరినట్టు లెక్క. అటెండెంటు జీతం, మందులు, డైపర్ల ఖర్చు మిగతావాళ్లవి. మూడు నెలలకోసారి రెండు వారాలు మరో కొడుకో కూతురో ఆ ఇంటికే వచ్చి ఉండాలి, ఆ రెండు వారాలూ ఆ ఇంటివాళ్లు బయటికి వెళ్లాలి. ఇంట్లోనే ఉంటే "వదినా, టవల్ ఎక్కడ?" అనే ప్రశ్నలతో సెలవు పోతుంది.

వచ్చేది కొడుకే కావాలి, భార్యని పంపి ఊరుకోకూడదు. తల్లికి కొడుకు స్నానం ఎలా చేయిస్తాడన్న బిడియం నిజమైనదే. దాన్ని కొట్టిపారేయను. స్నానానికి ఒక గంట ఆయాని పెట్టుకోవచ్చు. మిగతా ఇరవై మూడు గంటల్లో బిడియపడాల్సిన పని తక్కువ.

ఇంకో చిక్కు ఆస్తి. ఒకే ఇంట్లో ఉంచితే "వేలిముద్ర వేయించుకుంటారేమో" అన్న అనుమానం మిగతావాళ్లకి వస్తుంది, చాలా వంతుల వెనక అసలు కారణం ఇదే కూడా. దానికి ఇల్లు మార్చడం మందు కాదు. అమ్మకి ఇంకా తెలుస్తున్నప్పుడే వీలునామా రిజిస్టరు చేయించడం, పెన్షను ఖాతా లెక్క నెలనెలా అందరికీ పంపడం వల్ల ఆ అనుమానం తగ్గుతుంది. తల్లిదండ్రుల పోషణకి 2007 చట్టం ఉంది, అది భరణం గురించి చెబుతుంది, రాత్రి 2 గంటలకి ఎవరు లేవాలో చెప్పదు. అది తోబుట్టువులే తేల్చుకోవాలి.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసే అభ్యంతరం వేరే. సొంత ఇంట్లో, సొంత మంచం మీద కూర్చుని కూడా ఆవిడ "ఇంటికి పోదాం" అంటుంది. మరి ఇల్లు కదపకపోవడం వల్ల లాభమేంటి? ఆవిడ అడిగే ఇల్లు పుట్టిల్లు కావచ్చు, యాభై ఏళ్ల కిందటి పెంకుటిల్లు కావచ్చు, ఊరికే "నాకు భయంగా ఉంది" అనడం కూడా కావచ్చు. ఆ ఇంటికి ఎవరం తీసుకెళ్లలేం. బాత్‌రూమ్ దారి మాత్రం కాపాడగలం, నా వాదన అంతమేరకే.

అమ్మనీ నాన్ననీ విడదీసి, అమ్మ పెద్దవాడి దగ్గర, నాన్న చిన్నవాడి దగ్గర అనే ఏర్పాటు గురించి మాత్రం ఒకే మాట చెప్పలేను. జబ్బు ఆవిడకైతే, ఆవిడకి చివరిదాకా గుర్తుండే ముఖం ఆయనదే కావచ్చు. కానీ ఆయనకి 78 ఏళ్లు, మోకాళ్లు అరిగాయి, రాత్రంతా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంటున్నాడు. ఆయన్ని నెలకి వారం చిన్నవాడి ఇంటికి పంపి పడుకోనివ్వడం తప్పు కాదు. శాశ్వతంగా విడదీస్తే ఇద్దరూ కుంగుతారు.

న్యూయార్క్‌లో అల్జీమర్స్ వచ్చిన భర్తనో భార్యనో చూసుకుంటున్న 406 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. వాళ్లలో సగం మందికి ఇచ్చిన సాయంలో ముఖ్యమైనది రెండు విడి సమావేశాలు, మొత్తం కుటుంబంతో నాలుగు సమావేశాలు, తర్వాత చూసుకునేవాళ్ల సహాయ బృందంలో చేరడం, ఫోనులో అందుబాటు. అంతే. ఆ ఇళ్లలో రోగిని నర్సింగ్ హోమ్‌లో చేర్చాల్సిన రోజు 557 రోజులు వెనక్కి జరిగింది. మన వంతుల మాట తేల్చే ఆ పన్నెండో రోజు కూర్చోవడం కూడా కుటుంబ సమావేశమే. కాకపోతే అక్కడ నెలలు పంచుకుంటాం, పనిని పంచుకోం.

పనిని పంచుకోవడం

ముందు వారం రోజులు ఒక నోటుపుస్తకం. నాలుగు గళ్లు: ఎప్పుడు, ఏం జరిగింది, ఎన్ని నిమిషాలు, ఎవరు చేశారు. రాత్రి లేచినవి కూడా రాయాలి. ఆ పేజీలు ఫొటో తీసి తోబుట్టువుల వాట్సాప్ గ్రూపులో పెడితే వాదన సగం తగ్గుతుంది. "కష్టంగా ఉంది" అంటే జవాబుగా ఓదార్పు వస్తుంది, "రాత్రి 11.40, 1.15, 2.50, 4.30" అని చూపిస్తే జవాబు చెప్పక తప్పదు.

పంపకంలో రాత్రుళ్లు ముందు తేల్చాలి, వారానికి కనీసం రెండు, వారాలు మారినా రోజులు మారకుండా. తర్వాత ఒక పూర్తి మధ్యాహ్నం. ఆ తర్వాతే డబ్బు. దూరంగా ఉన్నవాళ్లు డబ్బుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు కాబట్టి ఈ వరస చెబుతున్నాను. అమెరికాలో ఉన్న కొడుకుకి కూడా గంటలున్నాయి. పొద్దుగూకే వేళ, 6 గంటలప్పుడు, అమ్మకి కంగారు ఎక్కువవుతుంది. అప్పుడు న్యూజెర్సీలో చలికాలమైతే పొద్దున 7.30, ఎండాకాలమైతే 8.30. జబ్బు మొదటి దశల్లో ఆ అరగంట వీడియోలో పాత ఊరి కబుర్లు చెబుతూ కూర్చోబెడితే ఇక్కడ వంట అవుతుంది. "ఎవరో గుర్తుపట్టావా?" అని పరీక్ష పెట్టకూడదు, "నేను ఫలానా, నీ చిన్నకొడుకుని" అని ముందే చెప్పాలి.

అటెండెంటుని పెట్టుకుంటే మొదటి మూడు రోజులు పాత మనిషీ కొత్త మనిషీ కలిసి చేయాలి. బంగారం లాకర్లో పెట్టాలి, దొంగతనం నింద తప్పకుండా ఆమె మీద పడుతుందని ఆమెకి ముందే చెప్పాలి. గిన్నెలు తోమే పని కూడా ఆమెకే అప్పగిస్తే అమ్మ టీవీ ముందు మిగిలిపోతుంది. రాత్రి షిఫ్టుకి వచ్చే మనిషి పగలు ఇంకో ఇంట్లో చేస్తోందేమో అడగాలి, చేస్తుంటే రాత్రి నిద్రపోతుంది, అది ఆమె తప్పు కాదు. పిలిచేందుకు తోబుట్టువులే లేనివాళ్లు వృద్ధుల సహాయ ఫోను ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేయొచ్చు, చూసుకునే మనిషి తన మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416కి.

ఇల్లు మార్చక తప్పని రోజూ వస్తుంది, చూసుకునే కోడలికే ఆపరేషన్ కావచ్చు. అప్పుడు అమ్మతోపాటు ఆవిడ దుప్పటి, చెంబు, దిండు, మంచం పక్కనుండే ఫొటో వెళ్లాలి. రాత్రి బస్సులో కాకుండా పొద్దునపూట చేరేలా బయల్దేరాలి. ఆవిడకి అలవాటైన మనిషి నాలుగు రోజులు కొత్త ఇంట్లో ఉండాలి.

వంతుకి వచ్చినవాళ్లు మొదటివారం చేసే పొరపాటు ఒకటుంది. సెలవు దొరికిన కోడలు ఆ మొదటి రాత్రుళ్లు నిద్రపోదు. 2 గంటలకి ఒళ్లు దానంతటదే లేస్తుంది, పక్క గదిలో మంచం కిర్రుమన్నట్టు వినపడుతుంది, వచ్చి చూస్తుంది. "ఎలాగూ మెలకువగానే ఉంటున్నావుగా, మేమెందుకు" అని తిరుగు టికెట్టు తీసుకోకండి. ఆవిడని పుట్టింటికో స్నేహితురాలి ఇంటికో, ఆ చప్పుడు వినపడనంత దూరం పంపండి. నిద్ర తిరిగి రావడానికి పది పదిహేను రోజులు పట్టవచ్చు.